అంబాసిడర్ కారు, ఒక చప్పుడు, పాస్ కాని బిల్లు

ప్రత్యేక సంచికకు పాత రోజుల గురించి ఏదైనా రాసి పంపమని మన సంఘం కార్యదర్శిగారు రెండుసార్లు కబురు చేశారు. నేను సర్వీసంతా లెక్కల విభాగంలో గడిపినవాణ్ణి. పే ఫిక్సేషన్ల గురించీ, కరువు భత్యం గురించీ నాకంటే బాగా రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. అందుకని, ముప్ఫై నలభై ఏళ్లపాటు మన ఆఫీసర్లనూ, మన ఫైళ్లనూ మోసిన అంబాసిడర్ కారు గురించి, అందులో వచ్చిన ఒక చప్పుడు గురించి రాస్తున్నాను. ఆ చప్పుడు వెనక నాలుగు వందల ఏళ్ల చరిత్ర ఉంది. నేను చేసిన తప్పు కూడా ఒకటి ఉంది. రెండూ చెప్పకపోతే కథ పూర్తికాదు.

మనందరి కారు

హిందుస్తాన్ మోటార్స్ కంపెనీ 1942లో గుజరాత్ తీరంలోని ఓఖా రేవులో మొదలైంది. స్వాతంత్ర్యం వచ్చాక, 1948లో, కలకత్తాకు ఎగువన హుగ్లీ ఒడ్డునున్న ఉత్తర్‌పారాకు మారింది. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు నమూనా మీద 1954లో ల్యాండ్‌మాస్టర్‌ను తయారుచేశారు. ఆ వరసలోనే వచ్చిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ మన దేశంలో అంబాసిడర్ అయింది. 1957-58 ప్రాంతంలో రోడ్డెక్కిన ఆ బండి మార్క్ 2, మార్క్ 3, మార్క్ 4 అని పేర్లు మార్చుకుంటూ, ముఖంలో కొద్దికొద్దిగా మార్పులు చేసుకుంటూ 2014 మే దాకా తయారైంది.

ఆ రోజుల్లో మన రోడ్ల మీద కనిపించే కార్లు ముఖ్యంగా మూడే. బొంబాయిలో తయారయ్యే ఫియట్, మద్రాసులో తయారయ్యే స్టాండర్డ్ హెరాల్డ్, మన అంబాసిడర్. మూడింటికీ ఇంజను ముందుండేది, తిరిగే బలం వెనక చక్రాలకు అందేది. కాబట్టి ముందున్న ఇంజను నుంచి వెనకున్న చక్రం దాకా, మనం కూర్చునే సీట్ల కింద నుంచి, ఒక పొడవాటి ఇనుప గొట్టం తిరుగుతూ ఉండేది. మెకానిక్కులు దాన్ని ప్రొపెల్లర్ షాఫ్టు అంటారు. మన కథంతా ఆ షాఫ్టు చుట్టూనే.

1979లో ఒక వోచరు

1979లో నేను ఏలూరులో ఆఫీసు సూపరింటెండెంటుగా ఉండేవాణ్ణి. మా ఆఫీసు అంబాసిడర్ నడిపే డ్రైవరు నాకంటే పదేళ్లు పెద్ద. అయినా ఆయన నన్ను సార్ అనేవారు, నేను ఆయన్ని నువ్వు అనేవాణ్ణి. అప్పటి పద్ధతి అలా ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది.

ఒకసారి ఆఫీసరుగారిని తీసుకుని కాకినాడ టూరుకు వెళ్తుండగా తణుకు దగ్గర కారు కింద చప్పుడు మొదలైంది. ఆయన అక్కడే ఆపి, కిందికి దూరి చూసి, ఇక ముందుకు పోకూడదన్నారు. జేబులో డబ్బులు పెట్టి తణుకులోనే ఒక క్రాసు కొని, సాయంత్రానికల్లా వేయించి, రాత్రికి కాకినాడ చేర్చారు. తిరిగి వచ్చాక 42 రూపాయలకు వోచరు పెట్టారు.

నేను దాని మీద మూడు అభ్యంతరాలు రాశాను. ముందస్తు అనుమతి లేదు. మూడు కొటేషన్లు లేవు. పాత భాగం స్టోర్సుకు అప్పగించిన రసీదు లేదు. మన పాతకాపులందరికీ ఈ మూడు వాక్యాలూ కంఠతా వచ్చే ఉంటాయి.

మర్నాడు ఆయన పాత న్యూస్‌పేపరులో చుట్టిన పొట్లం ఒకటి తెచ్చి నా బల్ల మీద పెట్టారు.

"పాత పార్టు ఇదే సార్. ఒక్కసారి చూడండి. ఇంకో పది మైళ్లు పోతే షాఫ్టు ఊడి రోడ్డుకు తగిలేది."

పొట్లం నుంచి గ్రీజు కారి ఫైలు అట్ట మీద మరక పడింది. నాకు ఆ మరకే కనిపించింది. "ముందు ఇది ఇక్కణ్ణుంచి తియ్యి. స్టోర్సులో ఇచ్చి రసీదు పట్రా," అన్నాను. స్టోర్సువాళ్లు దానికి ఇండెంటు లేదని తీసుకోలేదట. ఆయన మళ్లీ నా దగ్గరకు రాలేదు. ఆ బిల్లు పాస్ కాలేదు. 42 రూపాయలంటే అప్పట్లో ఆయనకు చిన్న మొత్తం కాదు.

చప్పుడు నా ఇంటికే వచ్చింది

1996లో ఒక వేలంలో 1984 మోడలు అంబాసిడర్ నాకు దక్కింది. 2001లో రిటైరయ్యాను. మా ఆవిడకు కళ్లలో నీటికాసులు వచ్చి, నెలకోసారి విజయవాడ కంటి డాక్టరుగారికి చూపించాల్సి వచ్చేది. బస్సెక్కితే ఆమెకు తల తిరిగేది. కాబట్టి ఆ కారు మాకు సోకు కాదు, అవసరం.

2003లో ఆ కారు చప్పుడు మొదలెట్టింది. క్లచ్ వదలగానే కింద ఎక్కడో "టంగ్" మనేది. రివర్స్ వేస్తే మళ్లీ "టంగ్". మెల్లగా పోతుంటే పిచ్చుక అరిచినట్టు కిచకిచ. అరవై కిలోమీటర్ల వేగం దాటితే సీటు కింద సన్నని వణుకు. ఒక గ్యారేజీలో చూపిస్తే డిఫరెన్షియల్ పోయిందన్నారు. క్రౌను, పినియను సెట్టుతో సహా అంతా మార్చాలన్నారు. వాళ్లు చెప్పిన ఖర్చు నా నెల పెన్షను కంటే ఎక్కువ. బండిని పాత ఇనుము కింద అమ్మేస్తే మేలని సలహా కూడా ఇచ్చారు.

ఆ వారంలోనే ట్రెజరీలో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి వెళ్తే వరసలో ఆయన కనిపించారు. అప్పటికి డెబ్బై దాటాయి. మోకాళ్ల నొప్పులతో కర్ర పట్టుకున్నారు. ఇరవైనాలుగేళ్ల తర్వాత మొదటిసారి ఆయన్ని "మీరు" అన్నాను. కారు సంగతి చెప్పాను. ఆయన ఒకే మాట అడిగారు.

"ఎప్పుడొస్తుంది సార్ చప్పుడు? ఎక్కణ్ణుంచి అని అడగడం లేదు. ఎప్పుడొస్తుందో చెప్పండి."

నేను చెప్పలేకపోయాను. ఆయన ఆదివారం మా ఇంటికి వచ్చారు.

ఇంజను నుంచి చక్రం దాకా

ఆయన అడిగిన ప్రశ్నలు అర్థం కావాలంటే ఆ దారి కాస్త తెలియాలి. ఇంజను తిరుగుడు మొదట క్లచ్‌కు, అక్కణ్ణుంచి గేర్‌బాక్సుకు, అక్కణ్ణుంచి ప్రొపెల్లర్ షాఫ్టుకు, దాని చివర డిఫరెన్షియల్‌కు, అక్కణ్ణుంచి రెండు యాక్సిల్ షాఫ్టుల ద్వారా చక్రాలకు చేరుతుంది. ఈ వరసలో ప్రతి మజిలీకీ ఒక చరిత్ర ఉంది. వాటిలో చాలా సంగతులు నేను తర్వాత పుస్తకాలు చూసి తెలుసుకున్నవే.

మొదటి మోటారు బళ్లు చాలావాటికి చక్రాలను తిప్పడానికి చెయిన్లూ బెల్టులూ ఉండేవి. 1898 డిసెంబరులో పారిస్‌లో లూయీ రెనో అనే 21 ఏళ్ల యువకుడు చెయిన్ తీసేసి షాఫ్టుతో నడిచే చిన్న బండి తయారుచేసి, మోంమార్త్ర్ గుట్ట మీది ఎత్తైన వీధి ఎక్కించి చూపించాడు. అందులోని గేర్‌బాక్సులో ఒక విశేషం ఉంది. టాపు గేరులో ఇంజను తిరుగుడు పక్క గేర్ల మీద పడకుండా నేరుగా వెనక్కి పోతుంది. మన అంబాసిడర్ నాలుగో గేరు కూడా అంతే. స్టీరింగు పక్కనున్న కడ్డీతో నాలుగో గేరు వేసినప్పుడు గేర్‌బాక్సు గోల తగ్గి బండి హాయిగా సాగేది, మీకు గుర్తుండే ఉంటుంది.

డిఫరెన్షియల్ ఇంకా పాతది. బండి మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం పోవాలి. రెండూ ఒకే ఇరుసుకు బిగిసి ఉంటే ఏదో ఒకటి ఈడ్చుకుపోతుంది. ఈ చిక్కు తీర్చే గేర్ల అమరికకు 1820ల చివర్లోనే ఫ్రాన్సులో ఒనెసిఫోర్ పెకర్ అనే గడియారాల పనివాడు పేటెంటు పొందాడు. అది ఆవిరి బండి కోసం. పెట్రోలు కారు పుట్టడానికి అప్పటికి ఇంకా అర్ధ శతాబ్దం పైనే ఉంది.

1920ల్లో అమెరికాలో హైపాయిడ్ గేర్లు వచ్చాయి. అందులో చిన్న పినియను పెద్ద క్రౌను చక్రం మధ్యకు కాకుండా కాస్త కిందుగా తగులుతుంది. అందువల్ల షాఫ్టు కిందికి దిగి కారు నేల కూడా తగ్గింది. కానీ ఆ పళ్లు ఒకదాని మీద ఒకటి జారుతూ, చాలా వత్తిడితో రాసుకుంటాయి. మామూలు నూనె ఆ వత్తిడికి నిలవదు. మనం "తొంభై నంబరు ఆయిలు" అని అడిగి కొనే చిక్కటి ఆయిలు అందుకోసమే. దాని మట్టం తగ్గితే డిఫరెన్షియల్ ఏడవడం మొదలెడుతుంది.

కుర్చీలో కూర్చుని అడిగిన ప్రశ్నలు

ఆయన మా వరండాలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నారు. "నేను కిందికి దూరలేను. మీరే చెయ్యాలి. నేను వింటా," అన్నారు. తర్వాత ఒక్కో ప్రశ్నా వేశారు. ఇప్పటికీ పాత కారు ఉన్నవారికి పనికొస్తాయని ఆ వరసలోనే రాస్తున్నాను.

మొదటిది: బండి నిలిపి, న్యూట్రల్లో ఉంచి, ఇంజను రెయిజ్ చేస్తే చప్పుడు వస్తుందా? రాలేదు. అంటే ఇంజనుదీ కాదు, సైలెన్సరుదీ కాదు.

రెండోది: అలాగే న్యూట్రల్లో ఉంచి క్లచ్ తొక్కితే ఏమైనా తేడా ఉందా? తొక్కగానే ఆగిపోయే చప్పుడైతే గేర్‌బాక్సులోని ముందు బేరింగు మీద అనుమానం. తొక్కగానే మొదలయ్యేదైతే క్లచ్ బేరింగు. మా కారులో ఏ తేడా లేదు.

మూడోది: అన్ని గేర్లలోనూ వస్తుందా, టాపు గేరులో పోతుందా? టాపులో పోతే తప్పు గేర్‌బాక్సులోని కింది గేర్లలో ఉన్నట్టు. మాది టాపులోనూ వస్తోంది.

నాలుగోది: వీధి చివర ఖాళీ స్థలంలో పోతూ పోతూ ఇంజను ఆపకుండానే న్యూట్రల్ చేసి చూడమన్నారు. బండి తన ఊపున పోతున్నా కిచకిచ ఆగలేదు. "అయితే గేర్‌బాక్సు వెనకాలే ఉంది," అన్నారు.

ఐదోది: యాక్సిలరేటరు తొక్కినప్పుడు ఒక రాగం, వదిలినప్పుడు ఇంకో రాగంలో హూంకారం ఉందా? ఉంటే డిఫరెన్షియల్. మాదాంట్లో హూంకారమే లేదు.

ఆరోది: కుడికి తిప్పినా, ఎడమకు తిప్పినా చప్పుడు పెరుగుతుందా? పెరిగితే చక్రం బేరింగు. అదీ కాదు.

"ఇక మిగిలింది షాఫ్టు సార్. క్రాసు ఎండిపోయి ఉంటుంది. ఏ భాగం తిరిగితే చప్పుడు తిరుగుతుందో చూసుకోవాలి గానీ, చప్పుడు ఎటువైపు వినబడితే అటువైపు సుత్తి పట్టుకుని పోకూడదు," అన్నారు.

ఆ గ్యారేజీవాళ్లను నేను తప్పుపట్టను. "టంగ్" మన్నప్పుడు ఆ అదురు వెనకాలే తెలిసేది. వాళ్లు వెనక వినబడింది కాబట్టి వెనకదే అనుకున్నారు. నేను కూడా ఉద్యోగంలో ఎన్నోసార్లు అదే చేశాను.

కారు కింద అకౌంట్సు మనిషి

అసలు పరీక్ష అప్పుడు మొదలైంది. ముందు చక్రాలకు రెండు వైపులా రాళ్లు పెట్టించారు. వెనక భాగం జాకీతో లేపి, యాక్సిల్ కింద రెండు వైపులా పాత రైలు స్లీపరు దుంగలు పెట్టించి, బండి బరువు వాటి మీదకు దించే దాకా నన్ను కిందికి దూరనివ్వలేదు. ఆ మాట ఈనాటి కుర్రవాళ్లకూ చెబుతున్నాను. జాకీ బండిని లేపడానికే. దాని మీద ఆనించిన బండి కిందికి ప్రాణం ఉన్నవాడెవడూ పోకూడదు.

అరవై ఏళ్ల వయసులో, పాత లుంగీ కట్టుకుని, గోనెపట్టా మీద వెల్లకిలా పడుకున్నాను. మా ఆవిడ వరండాలోంచి, "ఏమండీ, మీకెందుకండీ ఈ వయసులో ఇదంతా?" అంది. న్యూట్రల్లో ఉంచి, హ్యాండ్ బ్రేకు వదిలి, షాఫ్టును చేత్తో అటూ ఇటూ మెలితిప్పమన్నారు. వెనక జాయింటు దగ్గర కళ్లు పెట్టి చూస్తే, షాఫ్టు కదిలాక ఒక క్షణం ఆగి అవతలి భాగం కదులుతోంది. మధ్యలో ఎర్రటి తుప్పు పొడి. డిఫరెన్షియల్ వైపు కూడా కొద్దిగా సందు ఉంది గానీ, పళ్ల మధ్య ఆ కొంచెం ఉండాల్సిందేనన్నారు. ఆయిలు బిరడా విప్పి వేలు పెట్టి చూశాను. మట్టం కాస్త తగ్గింది. వేలికి ఇనుప రజను అంటలేదు. అంటే పళ్లు బాగున్నాయి.

ఇక్కడ ఆ జాయింటు చరిత్ర చెప్పాలి. వెనక యాక్సిల్ స్ప్రింగుల మీద పైకీ కిందికీ ఊగుతుంది. గేర్‌బాక్సు ఊగదు. కాబట్టి రెంటినీ కలిపే షాఫ్టు వంగుతూ తిరగగలగాలి. రెండు పంగల మధ్య ఒక శిలువ ఆకారపు ముక్క పెడితే అది సాధ్యం. మెకానిక్కులు క్రాసు అనేది దాన్నే. 16వ శతాబ్దపు ఇటలీ పండితుడు కార్డానో ఈ జాతి వలయాల అమరికను తన పుస్తకంలో వర్ణించాడు కాబట్టి యూరపులో దీన్ని కార్డన్ జాయింటు అన్నారు. ఆ వలయాలు ఆయనకంటే చాలా ముందునుంచే ఉన్నాయి. ఇంగ్లండులో రాబర్ట్ హుక్ 1676లో తన ఖగోళ పరికరాల పుస్తకంలో దీన్ని వర్ణించాడు. స్ప్రింగు సాగుదల సూత్రం మన పిల్లలు బడిలో చదివేది ఆ హుక్ పేరు మీదే. కార్లలో దీన్ని స్థిరపరచినవాడు అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయం విద్యార్థి క్లారెన్స్ స్పైసర్. 1903లో ఆయనకు పేటెంటు వచ్చింది. చెయిన్లను కార్ల నుంచి సాగనంపడంలో ఆయన పాత్ర పెద్దది.

ఆ క్రాసు నాలుగు చివరలకూ నాలుగు చిన్న కప్పులు, ఒక్కో కప్పులో సూదుల్లాంటి సన్నటి రోలర్లు ఉంటాయి. గ్రీజు ఎండిపోతే ఆ సూదులు క్రాసును తినేస్తాయి. పిచ్చుక కిచకిచ అదే. తినేసిన చోట ఏర్పడిన సందే "టంగ్".

బాణం గుర్తులు

విప్పే ముందు వెనక ఫ్లాంజి రెండు బిళ్లల మీదా కలిసేలా ఉలితో ఒక గీత పెట్టించారు. నాలుగు బోల్టులు విప్పడానికి గంట పట్టింది. ముందువైపు కూడా విడదీసి షాఫ్టు బయటికి తెచ్చాం. రెండు క్రాసులూ తీయాలని నిర్ణయించారు. లాకులు ఊడదీసి, పంగ మీద సుత్తితో తడుతుంటే కప్పులు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. వెనక క్రాసును కిరసనాయిలులో కడిగి వెలుతురులో చూశాను. చివరల మీద గోరుతో నొక్కినట్టు వరసగా గాడులు పడి ఉన్నాయి.

మర్నాడు విజయవాడ ఆటోనగర్‌కు బస్సులో వెళ్లి రెండు క్రాసులు కొన్నాను. రెండూ కలిపి నాలుగు వందల లోపే అయ్యాయి. కొత్త కప్పులను వైసులో పెట్టి మెల్లగా లోపలికి నొక్కాం. సూదులు పడిపోకుండా గ్రీజుతో అతికించాం. ఒక్క సూది అడ్డం పడినా కప్పు పూర్తిగా దిగదు, లాకు పట్టదు. ఒకసారి అలాగే అయితే మళ్లీ తీసి సరిచేశాం.

షాఫ్టులో ఒకచోట లోపలికీ బయటికీ జారే ముక్క ఉంటుంది. శుభ్రం చేసేటప్పుడు అది నా చేతిలో ఊడి వచ్చింది. తిరిగి దూర్చాను. ఆయన కుర్చీలోంచి అడిగారు.

"బాణం గుర్తులు ఎదురెదురుగా వచ్చాయా సార్?"

"వచ్చాయి," అన్నాను.

"ఇంకోసారి చూడండి."

"చూశానండీ," అన్నాను. నిజానికి చూడలేదు. ఆ గుర్తులు మట్టి కింద ఉన్నాయి. మధ్యాహ్నం మూడైంది, ఆకలిగా ఉంది, పని అయిపోతే చాలనిపించింది.

అంతా బిగించి రోడ్డెక్కాం. "టంగ్" పోయింది, కిచకిచ పోయింది. నలభై దాటగానే కారంతా వణకడం మొదలైంది. మునుపటి కంటే ఎక్కువగా. ఆయన ఏమీ అనలేదు. ఇంటికి పోదాం పదండి అన్నారు.

దీని వెనక హుక్ జాయింటులో పుట్టుకతో వచ్చిన దోషం ఒకటి ఉంది. వంగి తిరిగేటప్పుడు అది వేగాన్ని సమంగా అందించదు. 30 డిగ్రీల వంపులో, ఒకవైపు నిమిషానికి 100 చుట్ల వేగంతో సమంగా తిరుగుతున్నా, రెండోవైపు ఒకచోట 87కు తగ్గి, ఇంకోచోట 115కు పెరుగుతుంది. ప్రతి చుట్టులోనూ ఇలా రెండుసార్లు. కారు షాఫ్టులో వంపు చాలా తక్కువ కాబట్టి హెచ్చుతగ్గులూ తక్కువే. అయినా అరవై కిలోమీటర్ల వేగంలో అది నిమిషానికి రెండువేల చుట్లకు పైగా తిరుగుతుంది. అందుకే రెండు చివరలా రెండు జాయింట్లు పెడతారు. షాఫ్టు రెండు చివరల పంగలూ ఒకే తలంలో ఉంటే, మొదటి జాయింటు చేసిన తప్పును రెండోది దిద్దుతుంది. పంగలు ఒకదానికొకటి అడ్డంగా పడితే దిద్దడం పోయి, తప్పుకు తప్పు కలుస్తుంది. బాణం గుర్తులు పెట్టేది అందుకే.

మర్నాడు మళ్లీ దుంగలు పెట్టి, మళ్లీ విప్పి, మట్టి గీకి చూస్తే గుర్తులు ఎదురెదురుగా లేవు. సరిచేసి బిగించాను. తొంభై నంబరు ఆయిలు మట్టం దాకా పోశాను. ఈసారి బైపాసు మీద డెబ్బైలో పోయాం. గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. వెనక సీట్లో ఆయన కళ్లు మూసుకుని కూర్చున్నారు. నిద్రపోయారేమో అనుకున్నాను. "బాగుంది సార్. ఇక అమ్మగారిని తీసుకెళ్లండి," అన్నారు.

42 రూపాయలు

ఇంటికి వచ్చాక ఆ వోచరు సంగతి నేనే ఎత్తాను. ఆయనకు గుర్తుందా అని అడగడానికి ధైర్యం చాలలేదు. "1979లో తణుకు బిల్లు నేను పాస్ చెయ్యలేదు. ఆ రోజు మీరు చూడమన్నది నేను చూడలేదు. నిన్న కూడా అదే చేశాను," అన్నాను.

"గుర్తుంది సార్. అప్పుడు మా రెండోవాడికి స్కూలు ఫీజు కట్టాల్సిన డబ్బు అది," అన్నారు. కోపంగా అనలేదు. ఉన్నమాట చెప్పినట్టుగా అన్నారు.

ఐదు వందల నోటు ఇవ్వబోయాను. తీసుకోలేదు. "42 రూపాయలు ఇవ్వండి. అది నాకు రావాల్సింది. మిగతాది నాది కాదు," అన్నారు. మా ఆవిడ లోపల్నించి చిల్లర తెచ్చింది. ఆయన లెక్కపెట్టుకుని జేబులో వేసుకున్నారు. భోజనం మాత్రం మాతోనే చేశారు.

ముప్ఫై ఏడేళ్ల సర్వీసులో నేను ఎన్నో అభ్యంతరాలు రాశాను. ప్రభుత్వ ధనం కాపాడటానికి అవి అవసరమే, ఇప్పుడూ అదే అంటాను. కానీ నిబంధన రాసినవాడికి ఆ రోజు తణుకు దగ్గర కారు కింద ఏం జరుగుతోందో తెలియదు. కిందికి దూరి చూసినవాడికి తెలుసు. వాడు పొట్లం విప్పి చూపిస్తున్నప్పుడు చూడటం కూడా ఆడిట్‌లో భాగమేనని నాకు రిటైరయ్యాక తెలిసింది.

తర్వాత సంగతులు

1983 డిసెంబరులో మారుతి 800 రావడంతోనే మన దేశంలో ఈ షాఫ్టు కథ మారిపోయింది. దాంట్లో ఇంజనూ ముందే, తిరిగే చక్రాలూ ముందువే. పొడవాటి షాఫ్టు లేదు. హుక్ జాయింటు దోషం లేకుండా, ఎంత వంగినా ఒకే వేగం అందించే బంతుల జాయింట్లు వాటికి వాడతారు. ఆ రకంలో బాగా పేరుపడిన నమూనాను 1926లో ఆల్ఫ్రెడ్ రెప్పా అనే ఇంజనీరు రూపొందించాడు. అది అరిగితే స్టీరింగు పూర్తిగా తిప్పి మలుపు తిరిగేటప్పుడు టకటకమంటుంది. చప్పుడు మారింది గానీ, ఆయన అడిగిన ప్రశ్న మారలేదు. "ఎప్పుడొస్తుంది?"

ఆయన 2009లో కాలం చేశారు. నేను 2012లో కారు నడపడం మానేసి దాన్ని అమ్మేశాను. 2014లో ఉత్తర్‌పారాలో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. 2017లో ఆ పేరును కూడా ఒక ఫ్రెంచి కార్ల కంపెనీకి 80 కోట్ల రూపాయలకు అమ్మేశారు. పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలకు రిజిస్ట్రేషను పొడిగించకూడదని 2023 ఏప్రిల్ నుంచి నియమం వచ్చింది కాబట్టి, మన ఆఫీసుల వెనక చెట్ల కింద ఎండకు ఎండి వానకు తడిసిన పాత బళ్లు కూడా తుక్కు దారి పట్టాయి.

మా ఇంట్లో మాత్రం ఆ అరిగిపోయిన క్రాసు ఉంది. కిరసనాయిలుతో కడిగి, కాగితాలు ఎగిరిపోకుండా నా రాతబల్ల మీద పెట్టుకున్నాను. ఈ వ్యాసం కాగితాల మీద కూడా ఇప్పుడు అదే ఉంది. మనవడు అదేమిటి తాతయ్యా అని అడిగితే, నేను పాస్ చెయ్యాల్సిన బిల్లురా అని చెబుతుంటాను.

మిత్రులందరికీ నమస్కారాలు. మీ ఆఫీసుల్లో పనిచేసి రిటైరైన డ్రైవర్లు, అటెండర్లు, వాచ్‌మన్లు మీ ఊళ్లో ఎవరైనా ఉంటే ఒకసారి వెళ్లి పలకరించండి. వాళ్ల దగ్గర మనం సంతకం చెయ్యకుండా వదిలేసినవి ఇంకా ఏమైనా ఉండవచ్చు.